మలుపు దగ్గర బరువు

మంచం మీంచి లేవడం కూడా నేర్చుకోవాల్సిన పనే అని అతనికి ఈ వయసులో తెలిసింది. ముందు మోకాళ్ళు రెండూ మడవాలి. భుజమూ తుంటీ ఒకేసారి కదిలేలా, దుంగ దొర్లినట్టు, పక్కకి తిరగాలి. పాదాలు మంచం అంచు దాటించి కిందికి జారుస్తూ, అదే ఊపులో మోచేత్తో ఒంటిని పైకి తోసుకోవాలి. మధ్యలో నడుం ఏమాత్రం మెలిపడినా అంతే సంగతులు. వీపు దిగువనుంచి ఎడమ పిక్క దాకా కాల్చిన తీగ లాగినట్టు పోతుంది. ఆ క్షణంలో ఎవరు పిలిచినా పలకలేడు. తుమ్ము వస్తుందేమోనని కూడా భయమే.

ఆపరేషన్ బాగా అయిందని డాక్టరుగారు అన్నారు. ఎక్స్‌రే ఫొటోలు వెలుగుకి ఎత్తి చూసి, ఎముక బాగుంది, మేకులు బాగున్నాయి, ఇంక నొప్పి అంటారా, అది కొంత ఉంటుంది, దానితో కాపురం చెయ్యడం అలవాటు చేసుకోండి అన్నారు. చేస్తున్నాడు కాపురం. కట్టుకున్న ఆవిడతో కాపురంలోనైనా అప్పుడప్పుడూ అలకలూ, మాటలు మానుకోవడాలూ ఉండేవి. ఈ నొప్పి మాత్రం ఒక్కపూటైనా పుట్టింటికి వెళ్ళదు.

ఆ ఉదయం దాన్ని అంతగా పట్టించుకోలేదు. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి పనిలోకి పోతున్నాడు మరి. బరువులు మొయ్యడానికి కాదు. నిండు బిందె కూడా ఎత్తొద్దని డాక్టరుగారు ముందే తేల్చి చెప్పేశారు. మెట్ల మీద నిలబడి, సామాన్లు దించేవాళ్ళకి దారి చెప్పడానికి. ఎడమకి, మెల్లగా, ఇంకొక్క మెట్టు అని చెప్పే మనిషి ఒకడుంటే గోడలు గీసుకుపోవు, అద్దాలు పగలవు. ఈ పని ఇప్పించింది బావమరిది. ఇప్పించడమంటే మాటలా, యజమాని విసుక్కున్నా కసురుకున్నా వదలకుండా, ఆయన వెనకాలే తిరిగి సాధించాడు.

వెనక నిలబడి భార్య నడుంబెల్టు బిగిస్తోంది.

"మీ తమ్ముడే లేకపోతే మన ఇల్లు ఏమైపోయేదో," అన్నాడు. అతను రోజూ అనే మాటే అది.

"ఊఁ," అంది ఆమె. ఆమె రోజూ ఇచ్చే జవాబూ అదే. బెల్టు కొస అతికించి, మరీ బిగుసుకుందేమోనని రెండు వేళ్ళు దూర్చి చూసి, పొయ్యి మీద టీ పెట్టానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంతలో బావమరిది రానే వచ్చాడు. వచ్చీ రాగానే కింద కూర్చుని బావ పాదం తన తొడ మీద పెట్టుకుని బూటు తొడిగాడు, తాడు ముడివేశాడు. ఇది కూడా రోజూ ఉన్నదే. నడుం వంగని మనిషికి తన పాదాలు పొరుగూరు చుట్టాల్లా దూరమైపోతాయి. ఆసుపత్రిలో పక్కన కూర్చున్నదీ వీడే, ఒళ్ళు తుడిచిందీ వీడే, సొంత తమ్ముడు కూడా మొహం తిప్పుకునే పనులు మొహం తిప్పుకోకుండా చేసిందీ వీడే. అతనికి వాణ్ణి చూస్తే కళ్ళు చెమర్చేవి. ఏ పుణ్యం చేసుకుంటే ఇలాంటి బావమరిది దొరుకుతాడు అని వీధిలో కనిపించినవాళ్ళందరితోనూ అనేవాడు.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఎప్పుడూ అంతే. ఇంటెడు బరువు చేతుల్లో పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, పాదంతో తడుముకుంటూ ఎన్ని వందల మెట్లు దిగాడో ఈ మనిషి. ఇప్పుడు ఖాళీ చేతులతో దిగడానికి అరిచేతులు చెమటలు పడుతున్నాయి. నొప్పికి కాదు. ఆ రోజు అడుగు తప్పింది. అన్నేళ్ళలో ఎన్నడూ తప్పని అడుగు ఆ ఒక్కరోజు తప్పింది, పెద్ద అలమర వచ్చి మీద పడింది, నడుం విరిగింది. ఎలా తప్పిందో ఎంత తలుచుకున్నా అంతుచిక్కదు. అంతుచిక్కదు గనకే ఈ కాళ్ళని ఇంక నమ్మబుద్ధి కాదు. గోడకి ఒక చెయ్యీ, బావమరిదికి ఒక చెయ్యీ ఇచ్చి, అప్పుడే నడక నేర్చినవాడిలా ఒక్కో మెట్టూ దిగాడు.

"భయం లేదు బావా, నేనున్నాగా," అన్నాడు బావమరిది.

ఇళ్ళ సామాన్లు ఒకచోటినుంచి ఇంకోచోటికి చేర్చే ఆ ఆఫీసులో అతను అందరికీ బావే. బావమరిది అస్తమానం బావా బావా అని పిలుస్తుంటే విని విని డ్రైవరు బావ అన్నాడు, తాతయ్య వయసున్న కాపలాదారు బావ అన్నాడు, ఫోన్లు ఎత్తే అమ్మాయి కూడా ఒకసారి బావా అని పిలిచేసి, నాలిక కరుచుకుని, ఆనాటినుంచి బాబాయ్‌లోకి దిగింది. అందరూ చుట్టూ మూగారు. చిక్కిపోయావన్నారు, రంగు తేలావన్నారు. మంచం మీద పడుకుంటే ఎవడైనా రంగు తేలతాడని అతను నవ్వాడు.

యజమాని కుర్చీలోంచి లేవలేదు. "ముందునుంచీ ఉన్న నొప్పి దాచిపెట్టి ఇంతదాకా తెచ్చుకున్నావు బావా. అప్పుడే నా చెవిన వేస్తే బరువుల మీదికి పంపేవాణ్ణా?" అన్నాడు.

అతను తెల్లబోయాడు. ముందునుంచీ ఏ నొప్పీ లేదండీ అనబోయాడు. ఆ మాట పూర్తికాకుండానే బావమరిది భుజం మీద చెయ్యేసి, లారీ బయల్దేరుతోంది పద బావా అంటూ బయటికి తీసుకొచ్చేశాడు. ఏమిట్రా ఆయనంటున్నది అని అడిగితే, ఆసుపత్రివాళ్ళు అలా అన్నారేమోలే, పని ఇచ్చినాయనతో మొదటిరోజే వాదనెందుకు అన్నాడు. అదీ నిజమే కదా అనిపించింది. వాడు చెబితే అతనికి ఏదైనా నిజమే అనిపించేది.

ఆ రోజు పని మూడంతస్తుల మేడ మీది ఇల్లు. లిఫ్టు ఉంది గానీ అందులో ఇద్దరు మనుషులు పట్టడమే ఎక్కువ. అతను ఉండే చోట ఇప్పుడు బావమరిదికి జతగా ఒక కొత్తవాడు వచ్చాడు. కొత్తవాడంటే కుర్రవాడు కాదు, మీసాలు నెరిసిన మనిషి. ఇదివరకు పిండిమర దగ్గర బస్తాలు మోసేవాడట, అందుకని పేరే పిండిమర అయిపోయింది. మాట తక్కువ, మెడ లావు.

మెట్ల మీద బరువు దించేటప్పుడు ఒకడు కింద ఉంటాడు, ఒకడు పైన ఉంటాడు. కిందివాడు బరువుకి ఎదురుగా నిలబడి వెనక్కి వెనక్కి దిగుతాడు. వాడి మొహం ముందు చెక్క తప్ప ఇంకేమీ ఉండదు. పైవాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో, అసలు పట్టుకునే ఉన్నాడో లేదో వాడికి కనిపించదు. అందుకే వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. పైవాడు పట్టు మార్చుకోవాలన్నా, చెమట తుడుచుకోవాలన్నా 'మారుస్తున్నా' అని చెప్పాలి. కిందివాడు కాళ్ళు నిలదొక్కుకుని, బరువుకి సిద్ధమై 'ఊఁ' అనాలి. ఆ ఊఁ వినబడేదాకా పైవాడి చెయ్యి కదలకూడదు, తేలు కుట్టినా సరే.

ఈ కట్టుబాటు పెట్టింది అతనే. బావమరిదిని పనిలో చేర్పించి, నేర్పించిందీ అతనే. వాణ్ణి పైన నిలబెట్టి తాను కింద నిలబడ్డదీ అతనే. కింద కష్టం ఎక్కువ. ఇంటావిడ తమ్ముడి నడుం విరగ్గొట్టి ఆవిడకేం జవాబు చెప్పుకుంటాను అని నవ్వేవాడు. కొత్తగా కింద నిలబడేవాళ్ళకి ఇంకో సంగతి కూడా చెప్పేవాడు. తిన్నగా దిగినంతసేపూ బరువు ఒక్కలాగే ఉంటుంది, మలుపు దగ్గర మాత్రం ఒక్కసారి పెరుగుతుంది, కాచుకో అని. ఎందుకు పెరుగుతుందని ఎవరైనా అడిగితే, అదంతే, మలుపు గుణం అది అనేవాడు. అంతకన్నా అతనికీ తెలియదు. ఏళ్ళతరబడి చేతులతో కనిపెట్టిన సంగతి గనక కాస్త గర్వంగానే చెప్పేవాడు.

పిండిమరకి ఆ కట్టుబాటూ, ఈ మలుపు సంగతీ రెండూ చెప్పి, రెండు అంతస్తుల మధ్య మలుపులో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే లేవడం కష్టం, నిలబడితే కాలు మొద్దుబారడం కష్టం. ఉన్న రెండు కష్టాల్లో నిలబడేదాన్నే ఎంచుకున్నాడు. పైనుంచి అలమర కదిలింది. తలుపులు తీసేసి, చుట్టూ దుప్పటి కట్టి, అడుగున పట్టీలు వేశారు. కింద పిండిమర, పైన బావమరిది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమకి. మెల్లగా. గోడవైపు మూల చూసుకో. గొంతు లేచినకొద్దీ ప్రాణం లేచొచ్చినట్టయింది. చేతులు పోయినా నోరు మిగిలిందిలే అనుకున్నాడు.

అలమర మలుపులోకి వచ్చింది. పిండిమర పాదం వెనక్కి వేసి మెట్టు వెతుక్కుంటున్నాడు. పైన బావమరిది మోకాలు ముందుకి పెట్టి అలమర అంచుకి ఆనించాడు. ఆనించి, కుడిచెయ్యి పట్టీ మీంచి తీశాడు. తీసి, చొక్కా చేతితో కళ్ళ మీది చెమట తుడుచుకున్నాడు. మళ్ళీ పట్టీ అందుకున్నాడు. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఎవరో పిలిస్తే తల తిప్పి చూసినంత మామూలుగా చేశాడు. కింద పిండిమర మోకాళ్ళు కుంగాయి, మెడ మీద నరం ఉబ్బింది, పళ్ళబిగువున నిలదొక్కుకున్నాడు.

అతనికి దారి చెప్పడం ఆగిపోయింది. బావా, ఎటు అని పైనుంచి బావమరిది అరిచేదాకా తాను ఊరుకున్న సంగతే అతనికి తెలియలేదు.

కింద అలమర దించాక పిండిమర మణికట్టు నొక్కుకుంటూ వచ్చాడు. "నువ్వు చెప్పిందే నిజం బావా. మలుపు దగ్గర ఒక్కసారి దిగింది బరువు. ప్రాణం జిల్లుమంది," అన్నాడు మెచ్చుకోలుగా.

తర్వాత ఫ్రిజ్ వచ్చింది, ఇనపమంచం వచ్చింది, పుస్తకాల అర వచ్చింది. ప్రతిసారీ అతను మాటలు తక్కువ చేసి బావమరిది కుడిచేతినే చూశాడు. ప్రతిసారీ మలుపు దగ్గర మోకాలు ముందుకి వచ్చింది, చెయ్యి పట్టీ మీంచి లేచింది. ఒకసారి చెమట, ఒకసారి జుట్టు, ఒకసారి ఏమీ లేదు, ఊరికే వేళ్ళు విదిలించుకోవడం. వాడికి తాను చేస్తున్నట్టు కూడా తెలియనంత పాత అలవాటు అది. అతను అన్నేళ్ళు ఎదురుగా ఉన్న చెక్కని చూస్తూ కాచుకున్న బరువు మలుపుది కాదు, వాడి చేతిది. వెర్రివాడిలా దాన్ని కొత్తవాళ్ళకి పాఠంగా కూడా చెప్పాడు.

ఆ రోజు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, ఎప్పుడూ గుర్తున్నదే, కాకపోతే తలకిందులుగా గుర్తుంది. మలుపు, ఎప్పటికన్నా ఎక్కువగా దిగిన బరువు, నడుంలో ఏదో కలుక్కుమనడం. తాను మెట్టు మీద కూలబడి, ఒళ్ళో అలమరతో, ఏం జరిగిందో తెలియక గుడ్లు తేలేస్తుంటే పైనుంచి వినబడ్డ మొదటి మాట. "అడుగు తప్పావా బావా?" అని. తనకి తెలియని దాన్ని వాడు అడిగాడు. అడిగినదే జరిగిందనుకున్నాడు. ఆసుపత్రిలో అందరికీ తన నోటితోనే చెప్పాడు, అడుగు తప్పానండీ అని.

ఇంటికి వెళ్ళేటప్పుడు బావమరిది దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. మొదటిరోజు కదా, అలిసిపోయి ఉంటావు అన్నాడు. అతను అవునన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేసుకునే మెట్లెక్కాడు. అంతకన్నా గతిలేదు.

పొద్దు వాలుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండ గోడ మీద పైపైకి పోతోంది. భార్య వెనక నిలబడి బెల్టు విప్పుతోంది. పొద్దుటినుంచీ బిగుసుకున్న చోట చెమట పట్టి చర్మం ఎర్రగా కందింది. ఎలా ఉంది పని అని అడిగింది. బాగానే ఉందన్నాడు. కాసేపాగి, గోడనే చూస్తూ అన్నాడు.

"మలుపు దగ్గర బరువు ఎందుకు పెరుగుతుందో ఇవాళ చూశాను."

ఆమె చేతులు ఆగిపోయాయి. మొహం అతనికి కనిపించదు, వెనక ఉంది. ఏం మాట అది, ఏ బరువు, ఏ మలుపు అని అడగవలసిన మనిషి అడగలేదు. ఆ ఆగిపోయిన చేతులే అతనికి అన్నీ చెప్పేశాయి. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. మెట్ల మీద చూసినప్పుడు కూడా ఇంత కాలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"ఊఁ," అంది.

ఇన్నాళ్ళూ తన తమ్ముణ్ణి పొగిడినప్పుడల్లా అన్న ఊఁ ఇదే. సంతోషం కొద్దీ మాట రాక అంటోందనుకున్నాడు.

ఆమె ముందుకు వచ్చి మంచం చివర కూర్చుంది. ఏడవలేదు. ఎప్పుడో చెప్పాలని తయారుచేసి పెట్టుకున్నదాన్ని చెబుతున్నట్టు, తడబడకుండా చెప్పింది. అతన్ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళాక తమ్ముడు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడట. కళ్ళలోకి చెమట కారిందట, ఒక్క క్షణం చెయ్యి తీశాడట, ఆ క్షణంలోనే పట్టీ జారిపోయిందట. గోడకేసి తల బాదుకున్నాడట. తనే పట్టుకుని ఆపిందట. యజమానికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడనే భయంతో, నొప్పి ముందునుంచీ ఉందని వాడే చెప్పాడట. డాక్టరుకీ అదే చెప్పాడట.

"నువ్వు వద్దనలేదా?"

"అనలేదు." ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంటోంది. "చెబితే మీరు వాణ్ణి గడప తొక్కనిచ్చేవారా? వాడు రాకపోతే మిమ్మల్ని ఎవరెత్తేవాళ్ళు, నేనా? మీ ఒళ్ళు నా చేతులకి ఆగేదేనా? మీరు లేచి నిలబడ్డాక చెబుదామనుకున్నాను. నిలబడ్డారు. కానీ రోజూ మీరు వాణ్ణి అంతలేసి మాటలతో మెచ్చుకుంటుంటే నాకు నోరు పెగల్లేదు."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కోపం తెచ్చుకోవాలంటే అదే పెద్ద చిక్కు. ఎండ గోడ దాటి కప్పు దాకా పోయింది.

"చెయ్యి తీశాడు, సరే," అన్నాడు చివరికి. "ఎవడికైనా చెమట పడుతుంది. నా పేరు చెడగొట్టాడు, అదీ సరే. కానీ నేను రోజూ గోడ పట్టుకుని దిగుతుంటే ఇద్దరూ చూస్తూనే ఉన్నారు కదే. నా కాళ్ళని నేనే తిట్టుకుంటుంటే విన్నారు కదా. నీ కాలు మంచిదే అని ఒక్కరికైనా అనాలనిపించలేదా?"

అప్పుడు ఏడ్చింది ఆమె. అతను ఓదార్చలేదు. మంచం మీదికి ఒరిగి, మోకాళ్ళు మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి కదిలేలా, ఆమె చెయ్యి అందుకోకుండా, గోడవైపు దొర్లి పడుకున్నాడు.

మర్నాడు బెల్టు తనే కట్టుకున్నాడు. వంకరగా వచ్చింది. ఆమె సరిచెయ్యబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. టీ తెచ్చి బల్లమీద పెట్టింది. అతను తాగాడు. తాగకపోతే అదొక గొడవ.

బావమరిదికి ఇవేమీ తెలియవు. ఎప్పటిలాగే వచ్చి, కింద కూర్చుని, బావ పాదం తొడ మీద పెట్టుకున్నాడు. తాడు ముడివేస్తుంటే వాడి నడినెత్తి కనిపించింది. అక్కడ జుట్టు పలచబడుతోంది. పనిలో చేరినప్పుడు ఎంత ఒత్తుగా ఉండేదో. ఆ నెత్తి మీద ఒక్కటి మొట్టాలనీ, అదే చేత్తో నిమరాలనీ రెండూ ఒకేసారి అనిపించాయి. రెండూ చెయ్యలేదు.

ఆ రోజు పని ఒక పాత ఆఫీసు ఖాళీ చెయ్యడం. బల్లలు, కుర్చీలు పోగా చివరికి ఇనపబీరువా మిగిలింది. మనిషెత్తు, మందపాటి రేకు, తాళాలు బిగుసుకుపోయి అరలు ఊడిరాని పాతకాలపు బీరువా. పట్టీలు బిగించాక బావమరిది అలవాటుగా పైవైపుకి వెళ్ళి నిలబడ్డాడు. పిండిమర కిందివైపుకి వచ్చాడు. అతని కుడి మణికట్టుకి గుడ్డ చుట్టి ఉంది. నిన్న మలుపు దగ్గర బెణికిందట.

"పిండిమరా, నువ్వు పైకి వెళ్ళు," అన్నాడు అతను. "ఒరేయ్, ఇవాళ నువ్వు కిందికి రా."

"నేనా? నాకు పైన అలవాటు కదా బావా."

"బెణికిన చెయ్యితో ఆయన కింద ఏం ఆపుతాడు? అయినా నాకు మాత్రం పుట్టుకతో అలవాటా ఏంటి, దిగితే వస్తుంది."

ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పడం దారి చెప్పేవాడి పనే. కాదనడానికి లేదు. బావమరిది నవ్వుతూనే కిందికి వచ్చాడు, అరిచేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. బీరువా లేచింది. రెండు మెట్లు దిగేసరికే వాడి నవ్వు పోయింది. ఇనపరేకు మొహానికి ఆనుకుని ఉంది, పాదం వెనక్కి వేసి తడుముకుంటున్నాడు. అతను వాడికి ఒక మెట్టు పక్కగా, గోడవారగా దిగుతూ దారి చెబుతున్నాడు. మెల్లగా. ఎడమకి. ఇంకొక్క మెట్టు. గొంతులో తేడా ఏమీ లేదు.

మలుపు దగ్గరికి రాగానే, "ఆగండి," అన్నాడు.

ఆగారు. బీరువా ఏటవాలుగా వాలి బరువంతా కిందివాడి మీద నిలిచింది. మామూలుగా అక్కడ ఒక్క ఊపిరి తీసుకునేంతసేపే ఆగుతారు. అతను నోరు విప్పలేదు. పైన పిండిమర చూశాడు, అతను చూశాడు. కింద బావమరిది రొప్పుతున్నాడు.

"బావా, ఎటు?"

మెట్ల మీద ముగ్గురి ఊపిర్లూ వినబడుతున్నాయి. పిండిమర చేతికి చెమట పట్టింది. నిన్న నేర్చుకున్న కట్టుబాటు ప్రకారం, "మారుస్తున్నా," అన్నాడు పైనుంచి.

"వద్దు," అన్నాడు బావమరిది. గొంతు పిట్ట గొంతైపోయింది. "వద్దన్నా, చెయ్యి తియ్యకు. నీకు దణ్ణం పెడతాను, ఇక్కడ తియ్యకు."

పిండిమర చెయ్యి ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

"ఎందుకురా అంత భయం?" అన్నాడు అతను, మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టు. "మలుపు దగ్గర బరువు పెరగడం మామూలే కదా. ఇన్నేళ్ళూ నేను కాచుకోలేదూ?"

వాడు భుజం కూడా రేకుకి ఆనించాడు. పిండిమరకి ఒక్కసారి తల ఊపితే చాలు, ఆయన చెయ్యి తీస్తాడు. అతను దారి చెప్పేవాడు, ఆయన మాట వినేవాడు. ఊపాలనిపించింది. నిజం చెప్పాలంటే, చాలా గట్టిగా అనిపించింది. నా నడుంలో మేకులున్నాయి, నీ నడుంలో కూడా ఉంటే తెలుస్తుంది అనిపించింది.

"ఆ రోజు అడుగు తప్పింది ఎవరురా?"

"నువ్వు కాదు బావా." మాట ఇనుముకి తగిలి వస్తోంది. "నువ్వు తప్పలేదు. నేనే చెయ్యి తీశాను. చెప్పకుండా తీశాను. నొప్పి ముందునుంచీ ఉందన్నదీ నేనే. అక్కకి తెలుసు, నీకు చెప్పొద్దని నేనే కాళ్ళు పట్టుకున్నాను."

అంటూనే వాడి మోకాలు కుంగింది. అతను ఏ ఆలోచనా చెయ్యలేదు, చేతులు వాటంతటవే ముందుకి పోయి బీరువా అడుగు అంచు పట్టుకున్నాయి. అన్నేళ్ళ అలవాటు మరి, డాక్టరుగారి మాట వింటుందా. వీపు దిగువనుంచి పిక్క దాకా తీగ భగ్గుమంది. కళ్ళముందు తెల్లబడింది.

"ఊఁ," అన్నాడు. ఆ ఒక్క మాటకే అతనికి ఊపిరి మిగిలింది. "దించండి. ఎడమ మూల ముందు మెట్టుకి ఆనించండి."

దించారు. బావమరిది బీరువా పక్కనుంచి బయటికి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు. చెంప మీద రేకు అంచు ఎర్రగా అచ్చుపడింది. ఏడుస్తున్నాడో చెమటో తెలియడం లేదు. పిండిమర పైనుంచి వాణ్ణి చూశాడు, తర్వాత గుడ్డ చుట్టిన తన మణికట్టు చూసుకున్నాడు, మెట్టు మీద కూర్చున్నాడు.

అతను రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, నొప్పి కాస్త దిగేదాకా నిలబడ్డాడు. పూర్తిగా దిగదు, కాస్త దిగుతుంది. వాడిమీద జాలి కలగలేదు. గెలిచినట్టూ అనిపించలేదు. ఏళ్ళతరబడి ఎవరిని నమ్మి వెనక్కి అడుగు వేశాడో వాడు ఎదురుగా మొహం చూపించి నిలబడితే, చూడబుద్ధి కాలేదు.

"యజమాని కింద లారీ దగ్గరే ఉన్నాడు," అన్నాడు. "ఇప్పుడన్న మాట ఆయన దగ్గర కూడా అను. నన్ను పక్కన పెట్టుకుని అను."

బావమరిది తల ఊపాడు. మొహం తుడుచుకున్నాడు. అతను మెట్లవైపు తిరగడం చూసి, రోజూ ఇచ్చినట్టే చెయ్యి ముందుకి చాపాడు. "చెయ్యియ్యి బావా, జాగ్రత్త," అన్నాడు. అది కుడిచెయ్యి.

అతను దాన్ని ఒక్క క్షణం చూశాడు. పక్కనుంచి తప్పుకుని మొదటి మెట్టు మీద పాదం పెట్టాడు. తర్వాత రెండోది. గోడవైపు పోబోయిన చేతిని మళ్ళీ పక్కకి తెచ్చుకున్నాడు. నొప్పి ఉంది. పిక్క దాకా ఉంది, రేపూ ఉంటుంది. అడుగు మాత్రం కింద దాకా ఎక్కడా తప్పలేదు.